రీసెట్ బటన్ చివర నొక్కండి

ఫ్రిజ్ ఆగిపోయింది. ఎర్ర లైటు వెలుగుతోంది. లోపల పాలు, పెరుగు, రెండు రోజులకు సరిపడా దోసెల పిండి. బయట అమెరికాలోని ఎల్లోస్టోన్ అడవి, కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. వేసవి సెలవులకు డాలస్‌లో, ఇల్లూ బండీ ఒకటే అయిన ఆర్వీ అద్దెకు తీసుకుని బయల్దేరిన తెలుగు కుటుంబం ఒకటి ఇలా ఇరుక్కుందనుకోండి. ఇంటాయన ఏం చేస్తాడు? రీసెట్ నొక్కుతాడు. కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. మళ్లీ నొక్కుతాడు. విసుగొచ్చి కంపెనీని తిడతాడు. చివరికి ఫ్రిజ్‌ను ఆపేస్తున్న సేఫ్టీ స్విచ్‌ని తప్పించి వైరు కలిపేయడం ఎలాగో ఫోన్లో వెతకడం మొదలుపెడతాడు.

నొక్కడం, తిట్టడం, తప్పించుకోవడం. కష్టం వచ్చినప్పుడు మనలో చాలామందికి చేతనైనవి ఈ మూడే. ఉద్యోగంలోనైనా, ఇంట్లోనైనా, ఒంట్లోనైనా అంతే. ఎందుకు ఆగిందో కనుక్కోవడం అనే నాలుగో దారి ఉంది. ఆ దారిలో నడవాలంటే ముందు ఆ ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

మంట పెడితే చల్లదనం

ఆర్వీల్లో చాలా ఏళ్లుగా వాడుతున్నది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. మన ఇళ్లలోలా దీనికి కంప్రెసర్ ఉండదు, చప్పుడూ ఉండదు. వెనక చిన్న బాయిలర్, దాని కింద గ్యాస్ మంట లేదా కరెంటు హీటర్ ఉంటాయి. వేడికి నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకి వెళ్తుంది. అక్కడ చల్లబడి ద్రవమవుతుంది. తర్వాత హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి చేరి మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆపైన నీళ్లలో కలిసి కిందికి జారి బాయిలర్‌కే వస్తుంది. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది.

మోటారు లేదు కాబట్టి ద్రవం వెనక్కి రావాలంటే వాలే ఆధారం. బండి పక్కకు ఒరిగి ఉంటే ద్రవం గొట్టాల్లో ఎక్కడో నిలిచిపోతుంది. నీళ్లు ఇగిరిపోయిన ఇడ్లీ పాత్ర కింద మంట ఆర్పకపోతే ఏమవుతుందో బాయిలర్‌కీ అదే అవుతుంది. వేడి హద్దు దాటగానే సేఫ్టీ స్విచ్ మంటను ఆర్పేస్తుంది.

ఆపినవాళ్లను తిట్టకండి

ఆ స్విచ్ ఎంత ముఖ్యమో తెలియాలంటే 2006 నాటి సంగతి చూడాలి. బాయిలర్ గొట్టం బీటలువారి, లోపలి ద్రావణం బయటికొచ్చి నిప్పంటుకునే ప్రమాదం ఉందని ఈ ఫ్రిజ్‌లు తయారుచేసే డొమెటిక్ కంపెనీ అమెరికాలో 9 లక్షలకు పైగా ఫ్రిజ్‌లను రీకాల్ చేసింది. పాలు విరిగితే పోయేది పది డాలర్లు. బండి తగలబడితే పోయేవి ప్రాణాలు.

మన జీవితంలోనూ ఇలాంటి స్విచ్‌లు ఉంటాయి. ‘ఈమధ్య నీకు కోపం ఎక్కువైంది’ అనే భార్య, ‘ఈ లెక్క తేడాగా ఉంది సార్’ అనే అకౌంటెంటు, ‘బీపీ పెరిగింది, నైట్ షిఫ్టులు తగ్గించండి’ అనే డాక్టరు. వాళ్లు మన పనికి అడ్డు పడుతున్నారని చిరాకు పడతాం. కానీ వాళ్లు చెప్పేది మనం అడగకుండానే అందుతున్న సమాచారం. ముందు వినండి, వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

ఏ రకంగా ఆగిందో తేల్చుకోండి

ఈ ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తూ ఆగిపోయిందంటే ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, మంట అంటుకోలేదు. టిక్ టిక్ మని నిప్పురవ్వలు పడతాయి. నిర్ణీత సమయంలో మంట కనబడకపోతే గ్యాస్ ఊరికే బయటికి పోకుండా వాల్వు మూసుకుంటుంది. రెండు, మంట బాగానే ఉంది, బాయిలరే మితిమీరి వేడెక్కింది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫ్రిజ్ చల్లబడదు. మందులు మాత్రం పూర్తిగా వేరు.

ఇంట్లోనూ అంతే. పిల్లాడికి మార్కులు తగ్గాయి. పాఠం అర్థం కాకా, అర్థమయ్యీ నిద్ర చాలకా? మొదటిదానికి ట్యూషన్ కావాలి. రెండోదానికి ట్యూషన్ పెడితే ఉన్న నిద్రా పోతుంది. పనిలో మనసు పెట్టలేకపోతున్నారా? అది ఆసక్తి అంటుకోకపోవడమా, మితిమీరి కాలిపోవడమా? జవాబు తేలేవరకు ఏ మార్పూ చేయకండి.

సులువైనవి ముందు చూడండి

బాగుచేసే వాళ్లకు ఒక క్రమం ఉంటుంది. ఖర్చు లేనివి ముందు, ఖరీదైనవి చివర. సిలిండర్ వాల్వు తెరిచే ఉందా? ఆర్వీలోని స్టవ్ వెలిగించండి. నీలం మంట నిలకడగా వస్తే గ్యాస్‌కు కొదవ లేనట్టే. బ్యాటరీ చూడండి. గ్యాస్ మీద నడుస్తున్నా కంట్రోల్ బోర్డుకు 12 వోల్టులు కావాలి. బండి మట్టంగా నిలిచిందా? బయటి జాలీకి ఏదైనా అడ్డుపడిందా?

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే గ్యాస్ కట్టేసి, చల్లారాక వెనక మూత తీయాలి. అక్కడ చాలాసార్లు కనిపించే నేరస్తులు చిన్నవి. పొగగొట్టంలోంచి రాలిన తుప్పు పెచ్చులు బర్నర్ మీద పేరుకుని ఉంటాయి. బర్నర్ గొట్టంలో సాలెగూడు ఉంటుంది. ఎర్త్ వైరు వదులై ఉంటుంది. గ్యాస్ వచ్చే సన్నటి జెట్‌లో మాత్రం పిన్నీసు పెట్టి పొడవకండి. ఆ రంధ్రం కొలత మారితే మంటే మారిపోతుంది.

మనం దీనికి తలకిందులుగా చేస్తాం. నెల రోజులు ఆఫీసులో చిరాకుగా ఉంటే ఏకంగా ఉద్యోగం మారాలనుకుంటాం. ముందు నిద్ర ఎంత, భోజనం ఏ వేళకు, ఫోన్ ఎన్ని గంటలు, చివరిసారి నడిచింది ఎప్పుడు అని చూసుకోం. పెద్ద నిర్ణయాలకు ముందు చిన్న తనిఖీలు పూర్తిచేయండి.

తప్పు చోటుదీ కావచ్చు

ఎల్లోస్టోన్ సగటున 8 వేల అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తులో గాలి పలుచబడి బర్నర్ మంట సరిగా నిలవదు. 5,500 అడుగులు దాటితే వీలైనచోట కరెంటు మీద నడపమని మాన్యువల్‌లోనే రాసే తయారీదారులున్నారు. అంటే డాలస్‌లో చక్కగా పనిచేసిన ఫ్రిజ్ ఇక్కడ మొరాయిస్తే, ఏ భాగమూ చెడిపోయి ఉండకపోవచ్చు.

పాత టీమ్‌లో మెరిసిన మనిషి కొత్త టీమ్‌లో తేలిపోతే వెంటనే ‘వీడికి చేతకాదు’ అని ముద్ర వేస్తాం. మనకు మనమే వేసుకుంటాం కూడా. ముందు పరిసరాలు ఏం మారాయో చూడండి. కొన్నిసార్లు మనిషిని మార్చక్కర్లేదు, అతను నడిచే ఇంధనం మారిస్తే చాలు.

ఒక్కటి మార్చి ఆగండి

బర్నర్ తుడిచి, వైరు బిగించి, బండి జరిపి, ఫ్యాను పెట్టి ఒకేసారి ఆన్ చేస్తే ఫ్రిజ్ నడవొచ్చు. దేనివల్ల నడిచిందో మాత్రం ఎప్పటికీ తెలియదు, వచ్చే నెల మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కటి మార్చండి, కాగితం మీద రాసుకోండి, ఆగండి. ఈ ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా కావాలి. పది నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తే ఉన్న చల్లదనమూ పోతుంది.

కొత్త అలవాటుకూ ఇదే వర్తిస్తుంది. జనవరి ఒకటిన జిమ్ము, ధ్యానం, డైరీ, తెల్లవారుజామున లేవడం కలిపి మొదలుపెట్టినవాళ్లలో ఫిబ్రవరికి మిగిలేదెవరో మీకే తెలుసు.

హద్దు తెలుసుకోండి

కారణం సరిచేశాకే రీసెట్. మళ్లీ ఆగితే ఇక నొక్కకూడదు. కొన్ని మోడళ్లలో అధిక వేడికి ఆగితే టెక్నీషియన్ చూసేదాకా మళ్లీ మొదలుకానే కాదు. కావాలనే అలా పెట్టారు. ఇక వైరు కలిపి స్విచ్‌ను తప్పించే ఆలోచన పూర్తిగా వదిలేయండి. అమ్మోనియా ఘాటు వాసన వచ్చినా, బాయిలర్ దగ్గర పసుపు పొడి కనిపించినా గొట్టం లీకైనట్టే. అన్నీ ఆపేసి, అందరూ బయటికొచ్చి, తెలిసినవాళ్లను పిలవాలి. అక్కడ సొంత తెలివి చూపించకూడదు.

మనసు విషయంలోనూ ఇలాంటి గీత ఉంటుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, కాఫీతోనో మొండి ధైర్యంతోనో దాటేయకండి. మన దేశంలో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు 988. సాయం అడగడం ఓటమి అనుకునేవాళ్లు ఆ మాట ముందు పక్కన పెట్టాలి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ జీవితంలో పదే పదే ఆగిపోతున్నది, మీరు పదే పదే తోసి నడిపిస్తున్నది ఏదో ఒకటి ఎంచుకోండి. అది ఎప్పుడు ఆగుతోంది, ఆ ముందు రోజు ఏం జరిగింది, ఎవరు హెచ్చరించారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఆ కాగితం చదివాకే తర్వాతి అడుగు వేయండి.