పగడపు దిబ్బల కావలివాడు

చదువవలసిన వేదభాగములు: యెహెజ్కేలు 33:1–9, యోబు 38:16–18, యిర్మీయా 9:1

గత నెల ఓర్వకల్లు ప్రాంతమందు ఒక గృహకూటము ముగిసిన తరువాత ఒక తండ్రి మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడు సముద్రంలో పగడాల గురించి చదువుతానంటాడు. అవి ఎండకు చచ్చిపోతాండాయంట. చచ్చేవాటిని లెక్కబెట్టే చదువెందుకు? తాగేదానికి నీళ్లు దొరకని ఊళ్లో పుట్టినోనికి సముద్రం చదువేంది?" అని అడిగెను. ఆ రాత్రి మేము చెప్పిన జవాబు మాకే చాలలేదు గనుక ఈ నెల పాఠమును దానికే కేటాయించుచున్నాము.

ప్రియులారా, కంసాలి ఉంగరములో పొదుగు ఎఱ్ఱ పగడము వేరు, దిబ్బలు కట్టు పగడము వేరు; రెండును ఒక వంశమువే. దిబ్బలు కట్టునది చూపునకు రాయివలె నుండును గాని, అది వేలకొలది చిన్న ప్రాణుల కాపురము. అవి సముద్రపు నీటిలోని సున్నమును తీసికొని తమ క్రింద ఇల్లు కట్టుకొనును. మన మందిరములలో పరచిన బేతంచెర్ల నాపరాళ్లు కూడ ఒకనాటి సముద్రపు సున్నమే. పగడములు పుట్టకమునుపే ఈ ఎండిన సీమమీద సముద్రముండెనని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాబట్టి సముద్రము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ ప్రాణుల ఒంటిలో కంటికి కనబడని నాచు నివసించును. అది సూర్యకాంతితో ఆహారము వండి, పగడమునకు కావలసిన దానిలో అధికభాగము పెట్టును. రంగు నిచ్చునదియు అదియే. వేసవిలో సహజముగా నుండు మిక్కిలి వేడికంటె ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారములు నిలిచినయెడల, పగడము ఆ నాచును వెళ్లగొట్టును. అప్పుడు ఒళ్లు తెల్లబడి క్రింది సున్నము కనబడును. వేడి త్వరగా తగ్గినచో మరల కోలుకొనును, తగ్గనిచో ఆకలితో చచ్చును. సముద్రపు అడుగున నూటికి ఒక వంతైనను లేని ఈ దిబ్బలయందు సముద్రజీవుల జాతులలో సుమారు నాలుగవ వంతు ఆశ్రయము పొందుచున్నవి.

ఇప్పుడు ఒక మనుష్యుని సంగతి వినుడి. టెర్రీ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు ఐర్లాండు దేశస్థుడు. యౌవనమందు జమైకా ద్వీపపు దిబ్బలలో మునిగి, అదే చోటికి ఏటేట పోయి పగడములను లెక్కించెను. 1970 దశకపు చివర అక్కడ దిబ్బలలో సగమునకు పైగా జీవమున్న పగడము కప్పియుండెను. జనులు చేపలను మితిమీరి పట్టిరి. 1980లో గాలివాన కొట్టెను. 1983లో నాచును మేసి దిబ్బలను శుభ్రముగా నుంచు ముళ్ల ప్రాణులు తెగులుచేత చచ్చెను. మేసేవారు లేక నాచు పెరిగి పగడమును కప్పివేసెను. 1994లో ఆయన ఆ లెక్క ప్రచురించునప్పటికి నూటికి అయిదు వంతులైనను మిగులలేదు. చేనిలో కలుపు తీయువారు లేకపోయినచో పైరు గతి ఏమగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

తరువాత ఆయన ఆస్ట్రేలియాకు పోయి టౌన్స్‌విల్ నగరమందలి జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయములో చేరెను. అక్కడి గ్రేట్ బారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్లు సాగు దిబ్బల వరుస. 2016లో సముద్రము కాగినప్పుడు ఆయనయు తోటివారును చిన్న విమానములలో తక్కువ ఎత్తున ఎగురుచు 911 దిబ్బలను ఒక్కొక్కటిగా చూచి వ్రాసికొనిరి. నూటికి 93 దిబ్బలలో తెలుపు కనబడెను. ఆ పటమును తన విద్యార్థులకు చూపినప్పుడు తామందరు ఏడ్చితిమని ఆయనే తెలిపెను. ఆ యేడు అక్కడి పగడములలో సుమారు నూటికి 30 వంతులు చచ్చినవి. ఆయన ఏడ్చి ఊరకుండలేదు. 2017లో మరల, 2020లో మరల విమానమెక్కెను.

యిర్మీయా తన కన్నులు నీటి ఊటలైన బాగుండునని కోరెను గాని, కోరి మాటలాడుట మానలేదు. యెహెజ్కేలు చెప్పిన కావలివానిని చూడుడి. ఖడ్గమును ఆపుమని దేవుడు వానిని అడుగలేదు. చూచి బాకా ఊదితివా అని అడుగును. చూచియు ఊదనియెడల ఆ రక్తమునకు వాడే ఉత్తరవాది. శాస్త్రజ్ఞులందరు ప్రవక్తలని మేము చెప్పుట లేదు. అయితే లెక్క చెప్పుట, అది వినుటకు చేదైనను మార్చక చెప్పుట, కావలి పనియే అని మా తలంపు.

అట్టి కావలిగోపురము సముద్రము లేని హైదరాబాదులోనే యున్నది. అది 1999లో స్థాపింపబడిన ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార సంస్థ. సునామీ హెచ్చరికలు పంపునదియు అదే. 2011 నుండి అక్కడివారు ఉపగ్రహముల ద్వారా సముద్రపు పైనీటి వేడిమిని కనిపెట్టుచు, అండమాను, లక్షద్వీపములు, మన్నారు, కచ్ సింధుశాఖల పగడములకు ఎప్పుడు అపాయము రానున్నదో ముందుగా తెలియజేయుచున్నారు. ఊళ్లో పగడము లేనివారే పగడములను కాయుచున్నారు.

ఇక మన ఊరికేమి? బొగ్గును నూనెను కాల్చగా పెరిగిన పొగవాయువులవలన భూమికి చేరు అధికపు వేడిలో నూటికి 90 వంతులకు పైగా సముద్రమే మ్రింగుచున్నది. దానికి తోడు 2015–16లో పసిఫిక్ మహాసముద్రమందు ఎల్ నీన్యో వచ్చెను. ఆ యెల్ నీన్యో కాలముననే, 2015లో మన దేశపు నైఋతి వర్షము సగటున 14 శాతము తగ్గెను; మరుసటి యేడు ఆస్ట్రేలియాలో పగడము తెల్లబారెను. సముద్రపు వేడికిని మన చేనికిని నడుమ దారి యున్నది.

ఇంతయు ఆ తండ్రికి మరల వివరించితిమి. ఆయన శ్రద్ధగా విని, "జీతమొస్తుందా అయ్యగారూ?" అనెను. వచ్చును గాని త్వరగా రాదని నిజమే చెప్పితిమి. మొదట బి.యస్సీ., పిమ్మట విశాఖపట్టణమందో తమిళనాట పరంగిపేటయందో ఎం.యస్సీ., ఆపైని పరిశోధన, కొచ్చి నగరమందలి సముద్ర మత్స్య పరిశోధన సంస్థవంటి చోట్ల ఉద్యోగమునకు పోటీ.

"వానికి ఈత వచ్చునా?" అని మేమడిగితిమి.

"వచ్చు. మా బాయిలోనే నేర్చుకున్యాడు, నీళ్లున్న యేడు" అనెను.