పెంబర్తి ఇత్తడి పని: ఉబ్బెత్తు శిల్పము

లోహపు రేకును లక్కపై బోర్లించి, వెనుకనుండి సుత్తితో కొట్టి బొమ్మను ఉబికించి, పిదప ముందువైపున సన్నని ఉలితో గీతలు తీర్చు విద్యయే ఉబ్బెత్తు పని. దీనికి ప్రసిద్ధస్థానము జనగామ జిల్లాలోని పెంబర్తి (పరీక్షలలో తప్పక అడుగుదురు). కాకతీయుల కాలమున ఆలయములకును రథములకును రేకు తొడుగులు కూర్చిన విశ్వకర్మల విద్య, నిజాముల యుగమున తాంబూలపు పెట్టెలకు, అత్తరు పాత్రలకు మరలినది. అట్టి పెట్టె మూతపై వ్రేలు నిమిరినచో లత మిట్టగను, లోపల తడవినచో అదే లత పల్లముగను తగులును. ఎంత ముచ్చటైన పని!

రాగి, తగరము కలిసిన కంచు. రాగి, జింకు కలిసిన ఇత్తడి. బిదరీ అను లోహపు పనిలో జింకే ప్రధానము. ఈ మూడింటిని తారుమారు చేసి అడుగుట పరిపాటి.

గుంటూరు సీమ అభ్యర్థులు మరువరానిది: బాపట్ల చేరువ బుద్ధాంలో లభించి బ్రిటిష్ మ్యూజియం చేరిన బౌద్ధ కాంస్యములు పోతవిగ్రహములే కాని రేకుపని కాదు.

భౌగోళిక గుర్తింపు చట్టము 1999, అమలు 2003 సెప్టెంబరు 15, రిజిస్ట్రీ చెన్నై. పెంబర్తి పనికి, శ్రీకాకుళము బుడితి కంచు-ఇత్తడి పనికి, గుంటూరు సన్నం మిరపకు ఈ గుర్తింపు గలదు.