శిలామార్గముల వర్ణనను చదువు విధము

శిలారోహణ శిబిరమునకు అనుమతి కోరుచు బాలబాలికలు తెచ్చు కాగితములలో "6ఎ, రెండు మజిలీలు, బోల్టులు గలవు" వంటి మాటలు కనబడును. అర్థము తెలియక సంతకము చేయుట, లేదా భయపడి నిరాకరించుట – రెండును తగవు.

మొదట గ్రహింపవలసినది: బండ వేఱు, మార్గము వేఱు. మన పేటకు పేరు తెచ్చిన కామాఠీలు తెలంగాణము నుండి వచ్చిన కట్టడపు కూలీలు. ఒకే బండ ఒకచోట లొంగి వేఱొకచోట లొంగదని వారికి ఎవరును చెప్పనక్కఱలేదు. భువనగిరి కొండపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేండ్ల వయస్సున ఎవరెస్టు నెక్కినది టిబెట్టు వైపునుండి. 1953లో టెన్సింగు, హిల్లరీలు ఎక్కినది నేపాళము వైపునుండి. శిఖరమొకటే, మార్గములు రెండు.

ఇక అంకెలు. అమెరికా పద్ధతిలో 5.10 అనునది 5.9 కన్న కఠినము. దశాంశములు నేర్చిన మన పిల్లలు దీనికి నవ్వుదురు. అచ్చట 5 అనగా తాడు అవసరమగు నిట్రమైన బండ. చుక్క తరువాతిది వరుస సంఖ్య మాత్రమే. తొలుత 5.9 తుదిమెట్టు అనుకొనిరి. అంతకన్న కఠినమైనవి ఎక్కగా వరుసను పొడిగించిరి. ఫ్రెంచి పద్ధతిలో 6ఎ, 6బి, 6సి, ఆపై 7ఎ. 2017లో ఆడమ్ ఓండ్రా నార్వేలో ఎక్కిన మార్గముతో అది 9సి వఱకు చేరినది.

అయితే ఈ అంకె కష్టమునే తెలుపును, అపాయమును తెలుపదు. తల్లిదండ్రులు మఱువరాని సంగతి యిదియే. ఎక్కువాడు చివరి బోల్టునకు రెండు మీటర్లు పైనున్నప్పుడు జాఱెనేని, ఆ రెండును, క్రిందికి మఱి రెండును, తాడు సాగినంతయు పడును. బోల్టులు దూరదూరముగా నున్న సులభమార్గము, దగ్గఱదగ్గఱగా నున్న కఠినమార్గముకన్న చెడ్డది కావచ్చును. బండ జాతియు చూడవలెను. భువనగిరిది ఏకశిలయైన గ్రానైటు. పట్టు తక్కువైనను పాదము నిలుచును. ఖండాలా దగ్గఱి నాగఫణి మొదలగు సహ్యాద్రి శిలలు బసాల్టు. అందు వదులురాళ్ళు తఱచు. వర్షములు వెలిసిన పిదప మఱియు జాగ్రత్త వలయును.

కావున అంకె నడిగి ఊరకుండక, బోల్టుల నడిమి దూరమెంత, వాటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించిరి, క్రింద తాడు పట్టువారెవరు, శిరస్త్రాణము ఇత్తురా అని అడుగుడు. దిగు త్రోవ యెటో వ్రాయని కాగితమును తిరిగి పంపి, వ్రాయించుకొని రమ్మనుడు.