ఇంట్లో బార్బెక్యూ సాస్: రుచి ఉంచుదాం, ఉప్పు తగ్గిద్దాం

చాలా రోజులు పథ్యం తిన్న రోగికి నోరు చప్పబడిపోతుంది. "కాస్త పుల్లగా, కారంగా ఏదైనా పెట్టండి" అని అడుగుతారు. మీకూ జాలి వేసి బయట నుండి చికెన్ పార్సిల్ తెప్పిస్తారు. కానీ గుండె బలహీనంగా ఉన్నవారిలో ఎక్కువ ఉప్పు ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది. కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది, మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి రావచ్చు.

అలాగని రోగికి రుచి పూర్తిగా మాన్పించనక్కరలేదు. తీపి, పులుపు, కారం కలిసిన బార్బెక్యూ సాస్‌ను ఇంట్లోనే చేసుకోవచ్చు. నిప్పుల మీద కాల్చిన రుచి మనకు కొత్త కాదు. అరకు వైపు వెదురు బొంగులో కోడిమాంసం కూరి, నూనె లేకుండా కాల్చే బొంగు చికెన్ మీకు తెలిసిందే.

సీసా సాస్ ఎందుకు వద్దు?

సీసా వెనుక లేబుల్ చదవండి. ఏ పదార్థం ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. చాలా సీసాలపై మొదటి వరుసలోనే పంచదార కనబడుతుంది. ఉప్పును "సోడియం" అని రాస్తారు. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు అని లెక్క. పెద్దవారికి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బయటి చికెన్‌కు ఎర్రదనం కోసం రంగులు కలిపే అలవాటు కూడా ఉంది. కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో నిషేధం విధించింది. ఇంటి సాస్‌కు టమాటా రంగే చాలు.

కావలసిన పదార్థాలు

పండిన టమాటాలు అర కిలో, ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 6, సింహాచలం అనాసపండు ముక్కలు అర కప్పు, ఉసిరికాయంత చింతపండు, బెల్లం 2 చెంచాలు, కారం 1 చెంచా, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి అర చెంచా చొప్పున, ఉప్పు అర చెంచా, నూనె 1 చెంచా. (చెంచా అంటే టీ చెంచా.)

తయారు చేసే విధానం

1. వంకాయ పచ్చడికి కాల్చినట్టే టమాటాలు, ఉల్లిపాయ సన్నని మంట మీద కాల్చండి. నల్లబడిన తొక్క తీసేయండి. పొగ రుచి దీనితోనే వస్తుంది. గది తలుపులు మూసి బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టకండి. ఆ విషవాయువు ప్రాణం తీస్తుంది.
2. కాల్చినవాటిని వెల్లుల్లి, అనాస ముక్కలు, చింతపండు గుజ్జుతో కలిపి మెత్తగా రుబ్బండి.
3. నూనె వేడిచేసి ఈ ముద్ద, మిగిలినవన్నీ వేసి, సన్నని సెగపై అరగంట కలుపుతూ ఉడికించండి. చిక్కబడి గరిటెకు అంటుకుంటే దించండి.

సుమారు 16 పెద్ద చెంచాల సాస్ వస్తుంది. ఒక్కో పెద్ద చెంచాకు ఉప్పు పావు గ్రాము లోపే. తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, 5 రోజుల్లో వాడేయండి. నిలవ ఉంచే మందులేవీ ఇందులో లేవు.

చికెన్‌లో వాడే పద్ధతి

పెనం చికెన్: తొక్క తీసిన చికెన్ అర కిలోకు పసుపు, అల్లం వెల్లుల్లి, 2 చెంచాల పచ్చి అనాస రసం పట్టించి 20 నిమిషాలు ఉంచండి. మాంసానికి పచ్చి బొప్పాయి పట్టించినట్టే ఇదీ మెత్తబరుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ముద్దవుతుంది. మూతపెట్టి దాని నీటిలోనే పూర్తిగా ఉడకనివ్వండి. చివరి రెండు నిమిషాల్లో 3 పెద్ద చెంచాల సాస్ పూయండి. ముందే పూస్తే బెల్లం మాడిపోతుంది. మాడిన ముక్కల్లో కేన్సర్‌కు దారితీయగల రసాయనాలు ఉంటాయి గనుక నల్లబడిన భాగం తీసేయండి.

నమలలేని వారికి: ఉడికించిన చికెన్‌ను సన్నగా చీల్చి, ఒక పెద్ద చెంచా సాస్ కలిపి మెత్తటి అన్నంతో పెట్టండి.

శుభ్రత

పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండవచ్చు. కుళాయి కింద కడిగితే నీటి తుంపరలతో చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. పచ్చి మాంసానికి తగిలిన సాస్‌ను, చెంచాను వండిన దాని మీద వాడకండి. ఎముక దగ్గర కూడా ఎర్రటి రసం రాకూడదు. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. విశాఖ ఎండల్లో వండిన చికెన్‌ను గంటకు మించి బయట ఉంచకండి.

ఎవరు జాగ్రత్త పడాలి?

- మూత్రపిండాల జబ్బు: టమాటా, చింతపండులో పొటాషియం ఎక్కువ. డాక్టరును అడగకుండా పెట్టవద్దు. "తక్కువ సోడియం" ఉప్పులో కూడా పొటాషియం ఉంటుంది, అదీ వద్దు.
- షుగరు: బెల్లం కూడా పంచదారలాగే షుగరు పెంచుతుంది. బెల్లం మానేసి అనాస తీపితో సరిపెట్టండి.
- కడుపులో పుండు, మంట: పులుపు, కారం బాధ పెంచుతాయి. తగ్గేదాకా ఆగండి.
- ఆపరేషన్ అయినవారు: డాక్టరు మామూలు భోజనం పెట్టమన్న తరువాతే.
- గుండె బలహీనత: పూటకు ఒక పెద్ద చెంచా సాస్ చాలు. ఆ పూట పచ్చడి, అప్పడం వద్దు. రోజూ ఉదయం బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రోగికి విడిగా చప్పిడి కూడు పెట్టి, మిగిలినవారు వేరే తింటే ఆ పథ్యం ఎక్కువ రోజులు నిలవదు. ఇంటిల్లిపాదీ ఇదే చికెన్ తినండి. అందరికీ ఉప్పు తగ్గుతుంది, రోగికి తోడూ దొరుకుతుంది.