బోనులోని పులికీ పని కావాలి

గత సంవత్సరం విహారయాత్రలో మా హాస్టల్ విద్యార్థులం జూ చూశాము. పెద్దపులి దగ్గర అందరం ఎక్కువసేపు నిలబడ్డాము. అది కందకం అంచున ఈ చివర నుండి ఆ చివరకు, ఆ చివర నుండి ఈ చివరకు నడుస్తూనే ఉంది. ప్రతిసారీ ఒకే చోట మలుపు తిరుగుతోంది. అది నడిచినంత మేర గడ్డి పోయి బాట పడింది. మమ్మల్ని చూసి కోపంగా ఉందనుకొని కేకలు వేశాము, ఈలలు వేశాము. మాలో ఒకరు చిన్న రాయి కూడా విసిరారు. అప్పుడు కీపర్ వచ్చి, "అది కోపం కాదు నాయనా, దానికి ఏమీ తోచడం లేదు" అన్నాడు. ఆ మాటతో మాకు సిగ్గు వేసింది. తిరిగి వచ్చాక సైన్సు మాస్టారిని అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకొన్న విషయాలు ఇక్కడ రాస్తున్నాము.

అడవిలో పులి

పులి ఒంటరి జీవి. జింకలు, అడవి పందులు బాగా ఉన్న మన అడవుల్లో ఒక ఆడపులి సుమారు 20 చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతుంది. వేట జంతువులు తక్కువగా ఉన్న రష్యా మంచు అడవుల్లో ఒక్కొక్క ఆడపులి తిరిగే ప్రాంతం 400 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. పులి తన హద్దు తెలపడానికి చెట్ల మీద మూత్రం చిమ్ముతుంది, బెరడును గోళ్లతో గీరుతుంది. పొంచి వేటాడుతుంది, చాలాసార్లు విఫలమవుతుంది. కళ్లు, ముక్కు, చెవులు, కండరాలు, బుర్ర అన్నిటికీ అక్కడ పని ఉంటుంది.

జూలో పులి

జూలో వేళకు మాంసం వస్తుంది. కొద్దిసేపట్లో తినేస్తుంది. జబ్బు చేస్తే డాక్టరు ఉన్నాడు. కాని మిగిలిన రోజంతా పని లేదు. అందుకే ప్రయోజనం లేని ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తుంది. మేము చూసిన నడక అదే. 2003లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక సంగతి తెలిపారు. అడవిలో ఎక్కువ దూరం తిరిగే మాంసాహార జంతువులే జూలో ఎక్కువగా ఇలా అటూ ఇటూ నడుస్తాయట.

ఎన్‌రిచ్‌మెంట్ అంటే ఏమిటి?

జంతువు తన సహజ గుణాలను వాడుకొనేలా దాని చుట్టూ పరిసరాలను మార్చడాన్ని ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. 1970లలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో హాల్ మార్కోవిట్జ్ ఈ పద్ధతికి బాట వేశాడు. ఆయన గిబ్బన్ కోతులు పని చేసి ఆహారం సంపాదించుకొనే ఏర్పాటు చేశాడు. పెద్ద పిల్లి జాతి జంతువులకు ముఖ్యంగా ఇలా చేస్తారు.

1. ఆహారం: మాంసాన్ని ఒకే చోట వేయకుండా దాచిపెడతారు, ఎత్తున వేలాడదీస్తారు. కొరకడానికి ఎముకలు ఇస్తారు. ఎండాకాలంలో మాంసాన్ని ఐసుగడ్డలో పెట్టి ఇస్తారు.

2. నివాసం: పులికి నీటి కుంట, చిరుతకు ఎక్కడానికి దుంగలు, మంచెలు కావాలి. జనం కంట పడకుండా దాక్కోవడానికి పొదలు కూడా ఉండాలి.

3. వాసన: అమెరికాలోని మాంట్‌గోమరీ జూలో పులి, సింహం, జాగ్వార్ మొదలైన ఆరు జాతులకు ఎముకలు, గడ్డకట్టించిన చేపలు, దాల్చినచెక్క, కారం, జీలకర్ర ఇచ్చి చూశారు. 2007లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. వీటివల్ల జంతువులు చురుకుగా తిరిగాయి. మన వంటింటి జీలకర్ర పులికి ఆటవస్తువు అయిందన్నమాట!

4. ఆట: గట్టి బంతులు, అట్టపెట్టెలు, దుంగలు ఇస్తారు.

5. శిక్షణ: పిలిస్తే కటకటాల దగ్గరకు రావడం, పంజా చూపడం నేర్పుతారు. నేర్చుకొన్నందుకు మాంసం ముక్క ఇస్తారు. ఇలా నేర్పితే కొన్ని వైద్య పరీక్షలు మత్తుమందు లేకుండా చేయవచ్చు.

6. తోడు: సింహాలు గుంపుగా బ్రతుకుతాయి కనుక వాటికి తోడు అవసరం. పులికి ఏకాంతమే ఇష్టం.

జాగ్రత్తలు

ఒకే వస్తువు రోజూ ఉంటే జంతువుకు విసుగు పుడుతుంది. అందుకే మారుస్తూ ఉండాలి. మింగితే ప్రాణం మీదకు వచ్చే ప్లాస్టిక్, తాడు ముక్కలు ఉండకూడదు. ఎన్ని చేసినా జూ అడవి కాదు. ఇరుకు బోనులో బంతి వేసినంత మాత్రాన బోను పెద్దది కాదు. స్థలమూ కావాలి, పనీ కావాలి.

ముగింపు

కడుపుకు తిండి, పడుకోవడానికి చోటు ఉంటే చాలదని హాస్టల్ పిల్లలమైన మాకు వేరే చెప్పనక్కర లేదు. సాయంత్రం ఆటల బెల్లు కోసం మేము ఎంత ఎదురు చూస్తామో మాకు తెలుసు. వాన పడి ఆట లేని రోజు వరండాలో మేమూ అటూ ఇటూ తిరుగుతాము. మాకైతే మరునాడు బెల్లు మోగుతుంది. ఆ పులికి బెల్లు కొట్టవలసింది మనుషులే.

ఈసారి జూకు వెళ్లినప్పుడు రాయి విసరము, కేక వేయము. తమ్ముళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.