పాత సీడీల పెట్టె: ఏది ముందు భద్రపరచాలి, ఏది వదులుకోవాలి

బెంగళూరులో అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ, విప్పకుండానే ఒక అటక మీది నుంచి మరో అటక మీదికి చేరే పెట్టె చాలా తెలుగు కుటుంబాలలో ఉంటుంది. ఘంటసాల భగవద్గీత, అన్నమాచార్య సంకీర్తనలు, పది సినిమాల పాటలు ఒక్కచోట చేర్చిన ఎంపీ3 డిస్కులు, మూడు భాగాల పెళ్లి వీడియో, పైన ఏమీ రాయని డిస్కులు అందులో కలగలిసి ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే లేదు. పాటలన్నీ ఫోనులో వస్తున్నాయి కదా అని పెట్టెను మొత్తంగా పారవేయడం తొందరపాటు. మొత్తంగా దాచి ఉంచడం కూడా భద్రపరచడం కాదు. అటక మీది వేడికి కొన్ని డిస్కులు లోలోపలే చెడిపోతూ ఉంటాయి.

ఏ డిస్కులు చెడిపోతాయో తెలియాలంటే వాటి నిర్మాణం కొంత తెలియాలి. సీడీ అంటే 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలికార్బొనేట్ పళ్లెం. దుకాణంలో కొన్న డిస్కులో పాట సన్నని గుంటల రూపంలో ప్లాస్టిక్‌లోనే అచ్చువేయబడి ఉంటుంది. దానిపై పలుచని అల్యూమినియం పూత, ఆ పైన వార్నిష్, ముద్రణ ఉంటాయి. ఇంట్లోనో, ఫోటో స్టూడియోలోనో రాసిన డిస్కు వేరు. అందులో సమాచారం ఒక రంగు పొరలో లేజరుతో గుర్తులుగా పడుతుంది. ఆ రంగు ఎండకు, వేడికి, కాలానికి మారిపోతుంది. రెంటినీ గుర్తించడం తేలిక: వెలుతురులో అడుగుభాగం చూడండి. అచ్చువేసినది సాధారణంగా వెండిలా మెరుస్తుంది. రాసినదానిలో పచ్చదనమో, నీలపు ఛాయో, బంగారు ఛాయో కనిపిస్తుంది.

అచ్చువేసిన భగవద్గీత మీ ఇంట పాడైనా వేల ఇళ్లలో మిగిలి ఉంటుంది. రాసిన డిస్కులో ఉన్న నాయనమ్మ పాట, ఊరి జాతరలో చెప్పిన హరికథ, మొదటి డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటోలు బహుశా మరెక్కడా లేవు. అందువల్ల పెట్టెలో అన్నిటికన్నా తక్కువ వెల గల డిస్కునే ముందుగా కాపాడాలి. వాటి తరువాతి స్థానం చిన్న ఊళ్ల కళాకారులు సొంత ఖర్చుతో విడుదల చేసుకున్న భజనలకు, బుర్రకథలకు, పద్యనాటకాలకు ఇవ్వండి. వాటి పేర్లను ఫోనులో వెదకి చూడండి. దొరకకపోతే వాటినీ మొదటి వరుసలో చేర్చండి. సినిమా పాటల సంగతి అంత అత్యవసరం కాదు.

యూఎస్‌బీ తీగతో పనిచేసే సీడీ, డీవీడీ డ్రైవు ఎస్.పి. రోడ్డు దుకాణాలలో దొరుకుతుంది. బంధుమిత్రులు నలుగురు కలిసి ఒకటి కొన్నా చాలు. ఫోటోల డిస్కును, ఎంపీ3 డిస్కును ఉన్నదున్నట్లుగా కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. పాత పెళ్లి వీసీడీని తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే సంచికలో ‘డాట్’ అనే తోకపేరుతో పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయరు వాటిని చూపుతుంది. ఆడియో సీడీ అయితే నాణ్యత తగ్గని ఫ్లాక్ పద్ధతిని ఎంచుకోండి. నిండు సీడీ దాదాపు 700 మెగాబైట్లు. ఫ్లాక్‌లో అది సుమారు సగానికి తగ్గుతుంది. అంటే వంద సీడీలు 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో ఇముడుతాయి. పెన్‌డ్రైవు ఒక్కదానినే నమ్ముకోవద్దు. ఇక్కడ ఒక ప్రతి, అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న ఇంట్లో మరొక ప్రతి ఉంచండి. ఫైలుకు పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం తెలుగులోనే పెట్టండి. గొంతు ఎవరిదో చెప్పగల పెద్దలకు ఫోనులో వినిపించి, ఆ వారమే రాసుకోండి. ఈ పని డ్రైవు కొనడం కన్నా ముందు చేయవలసినదేమో కూడా.

డిస్కు చదవకపోతే వెంటనే ఆశ వదులుకోవద్దు. మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవవద్దు. సమాచారం గుండ్రని దారిలో ఉంటుంది. ఆ దారికి అడ్డంగా పడిన చిన్న గీతను సీడీలోని దోష సవరణ పద్ధతి పూరించగలదు. దారి వెంట సాగిన గీత ఎక్కువ నష్టం చేస్తుంది. చాలామంది అడుగుభాగాన్నే జాగ్రత్తగా చూస్తారు. నిజానికి ముద్రణ ఉన్న పైభాగమే సున్నితం, మెరుపు పూత దాని కిందనే ఉంది. అక్కడ అంటించిన కాగితాన్ని పీకవద్దు.

భద్రపరచిన తరువాత అసలు డిస్కులు ఏమి చేయాలి? కొన్న సీడీని మరొకరికి ఇవ్వడం, అమ్మడం తప్పు కాదు. వాటి నుంచి ప్రతులు తీసి అమ్మడం 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం నేరం. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితిని, జె.పి. నగర్‌లోని ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ సంగ్రహాలయాన్ని అరుదైన వాటి విషయమై సంప్రదించవచ్చు. ముందుగా జాబితా పంపి, కావాలన్న తరువాతనే పెట్టె పంపండి. మనకు అక్కరలేనిదంతా సంస్థలకు దానం చేయడం వారికి చాకిరీ పెంచడమే.

మిగిలినవి చెత్తలోకే. లోపలి కాగితాన్ని, గట్టి ప్లాస్టిక్ డబ్బీని విడదీసి ‘ఒణ కస’ రోజున పొడి చెత్తతో ఇవ్వండి. డిస్కులను వేరే సంచిలో కట్టి, వార్డులోని పొడి చెత్త సేకరణ కేంద్రానికి ఏమిటో చెప్పి అప్పగించండి. పూతను ప్లాస్టిక్ నుంచి వేరుచేయవలసి ఉన్నందున గుజరి అంగడివారు వీటికి ధర కట్టకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. పాత ప్లేయరు, డ్రైవు ఈ-వ్యర్థాలు. వాటిని అనుమతి పొందిన సేకరణదారులకే ఇవ్వాలి. ఖాళీ స్థలంలో వేసి కాల్చడం నిషిద్ధం, ఆ పొగ హానికరం. ఆధార్, బ్యాంకు పత్రాలు ఉన్న డిస్కును విరిస్తే ముక్కలు కళ్లకు, చెత్త ఏరేవారి చేతులకు తగులుతాయి. విరవకుండా, ముద్రణ ఉన్న పైభాగం మీద మేకుతో మధ్య నుంచి అంచు వరకు అన్ని వైపులా లోతుగా గీయండి. మెరుపు పూత రాలిపోయిన చోట సమాచారం ఇక చదవబడదు.