తిన్నా చిక్కిపోతుంటే...

కనగానపల్లిలో ఒకామె రోజూ కడుపునిండా సంగటి తింటోంది. అయినా ఆరు నెలల్లో బాగా చిక్కిపోయింది. రైకలు వదులయ్యాయి. బిందె ఎత్తితే చేతులు వణుకుతున్నాయి. కాలి పుండు మానడం లేదు.

"గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించు" అన్నారు ఇరుగుపొరుగు.

నర్సమ్మ మాత్రం, "దప్పిక ఎక్కువగా ఉందా అక్కా? రాత్రిపూట ఒంటికి లేస్తాండావా?" అని అడిగింది.

"అవునమ్మా. నాలుగైదు సార్లు లేస్తాండా."

రక్తం పరీక్ష చేశారు. చక్కెర జబ్బు అని తేలింది.

"చక్కెర జబ్బయితే కండ ఎందుకు కరిగిపోతాందమ్మా?"

నర్సమ్మ ఇలా చెప్పింది:

"మనం తిన్న సంగటి, అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరతాయి. ఆ చక్కెర ఒంటికి కట్టెల వంటిది. దాన్ని కండల్లోకి చేర్చేది ఇన్సులిన్. ఇది కడుపులో ఉండే క్లోమంలో తయారవుతుంది. ఇన్సులిన్ తక్కువైనా, సరిగా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

వాకిట్లో కట్టెలు కుప్పగా ఉన్నాయి. పొయ్యి దగ్గరికి రావడం లేదు. అప్పుడు ఇంటి వాసాలు పీకి మంట పెడితే ఏమవుతుంది? ఒళ్లు అదే పని చేస్తుంది.

మన కండలు మాంసకృత్తులతో కట్టినవి. అవే వాసాలు. ఒళ్లు వాటిని కరిగిస్తుంది. కాలేయం వాటిని కూడా చక్కెరగా మారుస్తుంది. రక్తంలో చక్కెర ఇంకా పెరుగుతుంది. పుండు పూడటానికీ మాంసకృత్తులే కావాలి. అందుకే పస్తులుంటే జబ్బు పోదు. కండే పోతుంది."

ఇన్సులిన్ విలువ ఏమిటో కెనడా దేశంలో తెలిసింది. అక్కడ లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడు ఈ జబ్బుతో ఎముకల గూడయ్యాడు. బరువు సుమారు 30 కిలోలే. 1922 జనవరిలో అతనికి ఇన్సులిన్ సూది వేశారు. కోలుకున్నాడు. మరో 13 ఏళ్లు బతికాడు.

అందరికీ సూది అవసరం ఉండదు. చాలామందికి మాత్రలు చాలు. ఏది కావాలో డాక్టరు చెబుతారు.

ఏం చేయాలి?

• మందులు మానకూడదు.
• సంగటి ముద్ద చిన్నది చేసుకోవాలి. ఉలవలు, అలసందలు, కందిపప్పు, ఆకుకూర, గుడ్డు పెంచుకోవాలి.
• ఏడాదికి ఒకసారి మూత్రం పరీక్ష చేయించాలి. మూత్రపిండాలు దెబ్బతింటే మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. అప్పుడు పప్పు, గుడ్డు ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

మాట్లాడుకోండి

1. మన ఒంట్లో 'వాసాలు' అంటే ఏవి?
2. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు పస్తులుంటే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో తిన్నా చిక్కిపోతున్నవాళ్లు ఉన్నారా? పరీక్ష ఎప్పుడు చేయిస్తారు?